రేడియేటర్ నీళ్లు మార్చిన మరునాడే బండి వేడెక్కితే

పాత మారుతి 800ను ఇంటి ముందు వేపచెట్టు నీడలో నిలబెట్టి, ఆదివారమంతా కూర్చుని రేడియేటర్ కడిగి, రెండు హోస్ పైపులు మార్చి, కొత్త కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పోసి, ఒక పని అయిపోయిందని చేతులు కడుక్కున్న మనిషికి, మరునాడు పొద్దున నల్లగొండ నుంచి బయలుదేరి నార్కట్‌పల్లి చేరకముందే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు ఎగబాకుతూ కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. రెండేళ్ల కింద నాకు సరిగ్గా ఇదే జరిగింది. దారిలో చూపించిన మెకానిక్ మూత తీయకుండానే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగమైన హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు, పోయిందన్నాడు. బండిని తాడు కట్టి ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూస్తే, రేడియేటర్ దించేటప్పుడు నేనే ఊడదీసిన ఫ్యాన్ కనెక్టర్ మళ్లీ పెట్టకుండా గాలిలో వేలాడుతోంది. దానికి తోడు ఇంజన్ లోపల గాలి చిక్కుకుని ఉంది. రెండింటినీ సరిచేయడానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు.

ఆ రోజు నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. ఇంట్లో పని చేసిన తరువాత పుట్టిన లోపానికి కారణాన్ని ముందుగా మన చెయ్యి తగిలిన చోటే వెతకాలి. నిన్నటిదాకా సవ్యంగా నడిచిన వాటర్ బాడీ (నీటి పంపు), నిన్నటిదాకా చెక్కుచెదరని గ్యాస్కెట్ సరిగ్గా మనం పానా పట్టిన రోజే చెడిపోవడం అసాధ్యమేమీ కాదు గానీ అరుదు. ఊడదీసిన కనెక్టర్, వదులుగా మిగిలిన క్లిప్పు, తిరగబడ్డ థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు), బయటకు పోని గాలి, ఈ నాలుగే చాలా సందర్భాలలో దోషులుగా తేలతాయి. అందుకే కొత్త సామాను కొనకముందు, పరీక్షలన్నీ ఖర్చు లేని వాటి నుంచి ఖర్చున్న వాటి వైపు, చల్లటి ఇంజన్ మీద చేసేవాటి నుంచి వేడి ఇంజన్ మీద చేసేవాటి వైపు సాగాలి.

పరీక్షలు అర్థం కావాలంటే నీరు తిరిగే దారి గుర్తుండాలి. వాటర్ బాడీ కూలెంట్‌ను ఇంజన్ బ్లాకులోకి, అక్కడి నుంచి హెడ్డులోకి నెడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ వాల్వు మూసుకునే ఉండి, నీటిని రేడియేటర్‌కు పోనీయక ఇంజన్‌లోనే తిప్పుతుంది. దాని మీద ముద్రించిన డిగ్రీకి, సాధారణంగా 82కో 88కో, నీరు చేరగానే వాల్వు తెరుచుకోవడం మొదలై, వేడి నీరు పై హోస్ పైపు గుండా రేడియేటర్‌లోకి వెళ్లి, చల్లబడి కింది పైపు గుండా తిరిగి వస్తుంది. ఇక మూత. చాలా పాత చిన్న కార్ల రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటుంది, అంటే లోపల బయటి గాలి కన్నా దాదాపు 0.9 బార్ (పీడనపు కొలత) ఎక్కువ పీడనం ఏర్పడేదాకా అది తెరుచుకోదు. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు ఆ పీడనంలో సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు పగిలి పీడనం నిలవకపోతే ఆ పద్దెనిమిది డిగ్రీల వెసులుబాటు పోయినట్టే, మే నెలలో బయటి గాలే 44, 45 డిగ్రీలుండే మన జిల్లాలలో అది చిన్న నష్టం కాదు.

చల్లటి ఇంజన్ మీద చూడవలసినవి

రాత్రంతా ఆగిన బండి మీదే ఈ పని చేయాలి. వేడి ఇంజన్ మూత తిప్పితే మరిగే నీరు ఆవిరితో కలిసి మొహం మీదికి లేస్తుంది. గుడ్డ మందంగా చుట్టి తిప్పుతామనే ధైర్యం కూడా వద్దు, అలా కాలిన చేతులను నేను చూశాను. బండి నిలబెట్టి కనీసం గంట గడిచి, పై హోస్ పైపును వట్టి చేత్తో నొక్కగలిగినప్పుడు, అది మెత్తగా లొంగినప్పుడు మాత్రమే మూత ముట్టుకోవాలి.

మూత తీసి చూడగానే నీరు అంచు దాకా కనిపించకపోతే, అది కారిపోయిందా, లేక గాలి ఆక్రమించిన చోటులోకి దిగిందా అన్నది తేలాలి. అందుకు బండి కింద ఒక పాత అట్టముక్క పరచండి. మనం విప్పి బిగించిన ప్రతి కీలును, కింది డ్రెయిన్ ప్లగ్‌ను, రెండు హోసుల నాలుగు మొనలను, థర్మోస్టాట్ గిన్నె (దాన్ని బిగించిన లోహపు తొడుగు) గ్యాస్కెట్ అంచును, హీటర్ పైపులను వేలితో తడిమి చూడాలి. ప్లాస్టిక్ డ్రెయిన్ ప్లగ్‌కు రబ్బరు వాషర్ పెట్టడం మరచిపోయినా, పాత వాషర్‌నే మళ్లీ వేసినా, ఇంజన్ ఆగినప్పుడు ఒక్క చుక్క రాదు, పీడనం ఎక్కాక మాత్రం కారుతుంది. హోస్ క్లిప్పు గొట్టం చివరన ఉబ్బుగా ఉండే గట్టు మీద గానీ, గట్టుకు అవతల అంచున గానీ పడితే ఎంత బిగించినా ప్రయోజనం లేదు, గట్టుకు లోపలి వైపు పడాలి. కారిన చోట కూలెంట్ ఎండి రంగు మరక మిగులుతుంది, దాన్ని బట్టి చుక్క ఎక్కడి నుంచి బయలుదేరిందో పట్టుకోవచ్చు.

రేడియేటర్‌ను గట్టిగా కడిగిన తరువాత కొత్తగా కారడం మొదలైతే ఆశ్చర్యపోవద్దు. ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు, సున్నపు పొర ఎన్నో సూది బెజ్జాలను మూసి ఉంచుతాయి, మనం శుభ్రం చేయగానే అవి బయటపడతాయి. అలాంటప్పుడు పసుపు వేస్తే ఆగుతుంది, మిరియాల పొడి వేస్తే ఆగుతుంది అని సలహా ఇచ్చే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. లారీ అడవి దారిలో ఆగిపోయిన రోజుల్లో అది గట్టెక్కించిన ఉపాయమే కావచ్చు. అయితే బెజ్జాన్ని మూసిన పసుపే హీటర్ సన్నని గొట్టాలను, రేడియేటర్ నాళాలను కూడా మూస్తుంది, వేడెక్కే బండికి ఇంకొంత వేడి చేర్చుతుంది. రేడియేటర్ పని చేసేవారి దగ్గర మాట్లు పెట్టించడమో, మార్చడమో మేలు.

గాలిని బయటకు పంపడం

నీరు మార్చిన తరువాత బండి వేడెక్కడానికి అన్నిటికన్నా సామాన్యమైన కారణం ఇదే కాబట్టి దీనికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. రేడియేటర్ నిండింది కదా అని మూత పెట్టేస్తాం, కానీ థర్మోస్టాట్ మూసి ఉన్నందున ఇంజన్ వైపు గాలి అలాగే నిలిచిపోతుంది. గాలి బుడగ హెడ్డులో నిలిస్తే అక్కడి లోహం నీరు తగలక కాగిపోతుంది. ఆ బుడగ టెంపరేచర్ సెన్సర్ దగ్గర నిలిస్తే ముల్లు పిచ్చిపట్టినట్టు ఆడుతుంది, ఒక నిమిషం పైకి, మరో నిమిషం ఉన్నట్టుండి కిందికి. ముల్లు దిగింది కదా అని ఊరట పడకూడదు, నీరు లేని సెన్సర్ వేడిని సరిగ్గా చూపలేదు. డ్యాష్‌బోర్డు వెనుక నీరు గళగళమన్న చప్పుడు, హీటర్ వేడి వైపు పెట్టినా చల్లటి గాలే రావడం, ఈ రెండూ గాలి చిక్కిందనడానికి మంచి సాక్ష్యాలు.

బండి ముందు చక్రాలను ఇంటి ర్యాంపు మీదికి ఎక్కించి, రేడియేటర్ మూత మొత్తం వ్యవస్థలో ఎత్తైన చోటుగా ఉండేలా నిలబెట్టండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. హీటర్ మీటను పూర్తిగా వేడి వైపు జరపండి, లేకపోతే హీటర్ గొట్టాలలోని గాలి అక్కడే మిగులుతుంది. మూత తీసి సన్నని ధారగా కూలెంట్ పోస్తూ, పై హోస్‌ను పలుమార్లు నొక్కి వదులుతుంటే బుడగలు పైకి వస్తాయి. థర్మోస్టాట్ గిన్నె మీద గానీ పై పైపు మీద గానీ గాలి వదిలే చిన్న స్క్రూ ఉన్న బండి అయితే, దాన్ని వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి.

ఆ తరువాత మూత తెరిచే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి, ఆక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడవనివ్వండి. పది పదిహేను నిమిషాల దాకా పై హోస్ పెద్దగా వేడెక్కదు, ఒక దశలో ఉన్నట్టుండి వేడవుతుంది. థర్మోస్టాట్ తెరుచుకున్న క్షణం అదే. సరిగ్గా అప్పుడే నీరు గుటక వేసినట్టు కిందికి దిగుతుంది, లేదా ఒకసారి పొంగి దిగుతుంది, కనుక మొహం దూరంగా పెట్టి, తగ్గిన మేరకు పోస్తూ ఉండాలి. బుడగలు ఆగి, నీరు నిలకడగా కనిపించాక మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, ఇంజన్ ఆపేయండి. పూర్తిగా చల్లబడ్డాక మళ్లీ మూత తీసి చూస్తే మరికొంత తగ్గి ఉండవచ్చు. నా బండికి ఈ తంతు మూడుసార్లు చేస్తే గాని గాలి పూర్తిగా పోలేదు. రేడియేటర్ నుంచి పొంగిన నీరు చేరే ప్లాస్టిక్ డబ్బాలో కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య దాకా పోయడం ఆఖరు.

ఎప్పుడు వేడెక్కుతోందన్నదే సగం జవాబు

గాలి పోయిన తరువాత కూడా వేడెక్కుతుంటే, ఏ పరిస్థితిలో వేడెక్కుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముల్లు ఎక్కి, హైవే మీద 60, 70 వేగం అందుకోగానే దిగిపోతే దోషం ఫ్యాన్‌దే, ఎందుకంటే బండి పరుగులో ఎదురుగాలే ఫ్యాన్ పని చేసిపెడుతుంది. దీనికి విరుద్ధంగా ఊళ్లో బాగుండి, జడ్చర్ల దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగం పెంచినప్పుడో, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో వేడెక్కితే, ఇంజన్ పుట్టించే వేడిని మోసుకుపోయేంత నీరు తిరగడం లేదని అర్థం. అప్పుడు రేడియేటర్ నాళాలు మూసుకుపోవడం, వాటర్ బాడీ రెక్కలు అరిగిపోవడం, వేగంలో పంపు లాగుడుకు కింది హోస్ లోపలికి నొక్కుకుపోవడం, వీటిని చూడాలి. కొన్ని బండ్ల కింది హోస్ లోపల అది నొక్కుకోకుండా ఒక తీగ స్ప్రింగు ఉంటుంది. కొత్త హోస్ వేసినప్పుడు ఆ స్ప్రింగును పాత దానితో పాటు చెత్తలో పారేసిన వారుంటారు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే ముల్లు ఎర్ర గీత చేరితే మాత్రం థర్మోస్టాట్ మూసుకుపోయిందనో, తిరగబడిందనో అనుమానించాలి.

ఫ్యాన్ పరీక్ష తేలిక. ఏసీ ఉన్న చాలా బండ్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. లేనివాటిలో రేడియేటర్‌కో థర్మోస్టాట్ గిన్నెకో బిగించిన ఉష్ణ స్విచ్ కనెక్టర్ లాగి, దాని రెండు వైర్లను ఒక తీగ ముక్కతో కలిపి ఇగ్నిషన్ వేస్తే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే మోటారు, ఫ్యూజు బాగున్నట్టే, దోషం స్విచ్‌లో ఉంది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్, మోటారు వరుసగా చూడాలి. ఫ్యాన్ విప్పి బిగించినప్పుడు వైర్లు తారుమారు చేస్తే అది వెనక్కి తిరుగుతుంది, చప్పుడు మామూలుగానే ఉంటుంది కనుక అనుమానం రాదు. బండి ఆగి ఉన్నప్పుడు రేడియేటర్ ముందు ఒక పలుచని కాగితం పెడితే అది రేడియేటర్‌కు అంటుకోవాలి, ఎగిరి బయటకు పడితే గాలి తప్పు దిక్కున వెళుతోందని తెలుస్తుంది. ఇంజన్ ఆపిన తరువాత కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, కాబట్టి బ్యాటరీ వైరు తీయకుండా రెక్కల దగ్గర వేళ్లు పెట్టకూడదు.

థర్మోస్టాట్‌ను తీసి చూడటం కూడా ఇంటి పనే. స్ప్రింగు, మైనం నింపిన గుండు ఇంజన్ వైపు ఉండాలి. దాని రేకుకు గాలి పోయేందుకు చిన్న పిన్ను ఉంటే అది పైకి రావాలి, కిందికి వస్తే గాలి ఎన్నటికీ పూర్తిగా పోదు. అనుమానం ఉంటే ఒక పాత పాత్రలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచి చూడవచ్చు. ముద్రించిన డిగ్రీకి అటూ ఇటుగా కదలడం మొదలుపెట్టి, మరగబోయే వేళకు బాగా తెరుచుకోవాలి. మన ప్రాంతంలో ఎండలెక్కువ, దీనితో పనేముంది అని వాల్వును పీకి పారేయడం చాలా షెడ్లలో ఆచారంగా మారింది. దీన్ని నేను ఒప్పుకోను. వాల్వు లేని ఇంజన్ పొద్దుటి పూట తగిన వేడికి రావడానికి చాలాసేపు పట్టి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని కింది రేకు అడ్డదారిని మూస్తుంది, అది లేకపోతే నీరు రేడియేటర్‌కు పోకుండా ఆ అడ్డదారిలోనే తిరిగి, చల్లబడుతుందనుకున్న బండి మరింత కాగుతుంది.

బెల్టు విషయంలో ఒక్క గుర్తు చాలు. వాటర్ బాడీ, డైనమో ఒకే బెల్టుతో తిరిగే బండ్లలో ముల్లు ఎక్కడంతో పాటు బ్యాటరీ లైటు కూడా వెలిగితే బెల్టు తెగిందనో జారుతోందనో అర్థం. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు లొంగాలి.

మూత దోషాన్ని హోస్ చెబుతుంది. మూతలో పీడనం వదిలే వాల్వుతో పాటు, ఇంజన్ చల్లబడేటప్పుడు డబ్బాలోని నీటిని వెనక్కి పీల్చే మరో చిన్న వాల్వు ఉంటుంది. పొద్దున చూసేసరికి పై హోస్ అప్పడంలా అతుక్కుపోయి ఉంటే ఆ చిన్న వాల్వు పనిచేయడం లేదు, లేదా డబ్బాకు వెళ్లే సన్న పైపు మూసుకుపోయింది. అదే సన్న పైపు పగిలి ఉన్నా, డబ్బాలో దాని మొన నీటిలో మునగకున్నా, చల్లబడిన ప్రతిసారీ నీటికి బదులు గాలి లోపలికి వచ్చి, మనం నిన్న తీసిన గాలి ఇవాళ తిరిగి చేరుతుంది.

ముల్లునే గుడ్డిగా నమ్మడం కూడా తప్పే. సెన్సర్ విప్పి బిగించేటప్పుడు నల్లాలకు చుట్టే తెల్ల టేపు మరలకు చుట్టామనుకోండి, ఒకే వైరు ఉండే సెన్సర్‌కు ఇంజన్ శరీరం నుంచి దొరకవలసిన ఎర్తు సరిగ్గా అందక ముల్లు లేవదు. ఆ వైరు ఒరుసుకుని లోహానికి తగిలితే ఇంజన్ చల్లగా ఉన్నా ముల్లు ఎర్ర గీత దాటుతుంది.

ఏ నీళ్లు, ఎంత కూలెంట్

బోరు నీళ్లు పోసి ఉంటే మొత్తం తీసేయండి. నల్లగొండ భూగర్భ జలాల పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్, కానీ రేడియేటర్‌కు హాని చేసేది ప్రధానంగా అదే నీటిలోని కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కాగిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే ఇంజన్ లోపలా పేరుకుని, వేడిని లోహం నుంచి నీటికి పోనీయదు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించి, మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గిస్తారు, అది తాగడానికే గాని రేడియేటర్‌కు ఆ నీళ్లు కూడా తగవు. బ్యాటరీ దుకాణాలలో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొన్ని లీటర్లు కొంటే సరిపోతుంది.

కూలెంట్ డబ్బా మీద రాసింది చదవకుండా పోయడం మరో సాధారణ పొరపాటు. నీరు కలిపే అమ్మే రకానికి మళ్లీ నీరు కలిపితే పలచనవుతుంది. గాఢమైన రకాన్ని నీరు కలపకుండా అలాగే పోస్తే, చిక్కన ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటాం గాని, గ్లైకాల్ నీటికన్నా వేడిని తక్కువగా మోస్తుంది కనుక ఇంజన్ మరింత వేడెక్కుతుంది. ఇంకొకటి, రేడియేటర్ కింది ప్లగ్ మాత్రమే తీస్తే ఇంజన్ బ్లాకులోని కడుగు నీళ్లు అక్కడే ఉండి, తరువాత పోసిన కూలెంట్‌ను పలచన చేస్తాయి. రంగు ఒకటే కనబడిందని రెండు కంపెనీల రకాలను కలపడం కూడా మంచిది కాదు, కొన్ని కలిసినప్పుడు జిగురుగా ముద్ద కడతాయి. తీసిన పాత కూలెంట్‌ను వాకిట్లో పారబోయకండి, తియ్యగా ఉంటుంది కనుక కుక్కలు, కోళ్లు తాగుతాయి, అది విషం.

రేడియేటర్ బయటి రెక్కల సంగతి రెండు ముక్కల్లో. పత్తి లారీల వెనుక, వరి కోతల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం పక్కన తిరిగిన బండికి దూది పోగులు, పొట్టు, ధూళి కలిసి రెక్కల మధ్య చాపలా అల్లుకుంటాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకు, మెత్తటి ధారతో కడగాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

ఇవన్నీ సరిగా ఉండి కూడా వేడెక్కుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ గురించి ఆలోచించాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే రేడియేటర్ నోట్లో బుడగలు ఆగకుండా రావడం, ఆయిల్ కడ్డీ మీద పాలు కలిపిన టీ రంగు మడ్డి, ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తగ్గని తెల్ల పొగ, ఎక్కడా కారకుండానే రోజూ నీరు తగ్గడం, వీటిలో రెండు కలిసి కనిపిస్తే బండి నడపడం ఆపి మెకానిక్‌ను పిలవాలి. అది ఇంటి వాకిట్లో తేలే పని కాదు, అల్యూమినియం హెడ్డు వంగి ఉంటే లేత్ దగ్గర ఫేసింగ్ (దాని ముఖాన్ని చదును చేయడం) కూడా చేయించవలసి వస్తుంది.

దారిలోనే ముల్లు ఎర్ర గీతకు దగ్గరైతే ఏసీ ఆపి, ఎంత ఎండలోనైనా సరే హీటర్ పూర్తిగా వేసి, ఎడమ వైపు నీడ చూసుకుని ఆపండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, అది కొంత వేడిని బండి లోపలికి లాగుతుంది. ఎర్ర గీత తాకితే నీడ కోసం కూడా వెతకకుండా అక్కడే ఇంజన్ ఆపేయాలి. కాగిన ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోయడం, మూత తీసి లోపల పోయడం రెండూ హెడ్డును పగలగొట్టే పనులు. గంట ఆగాలి.

మరమ్మతు అయ్యాక మొదటి ప్రయాణం పెద్దది పెట్టుకోకండి. నార్కట్‌పల్లి దాకా వెళ్లి వెనక్కి వచ్చేంత దూరం, చేతిలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాన్, పొద్దుటి పూట, ఇది చాలు. తిరిగొచ్చాక అట్టముక్క మళ్లీ కింద పరచి, వరుసగా మూడు రోజులు పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, మూత తీసి రేడియేటర్‌లోనూ డబ్బాలోనూ నీటి మట్టం చూసి తేదీతో సహా రాసుకోండి. మూడో రోజుకు మట్టం మారకుండా, అట్ట పొడిగా ఉంటేనే శ్రీశైలం ప్రయాణం పెట్టుకోవచ్చు.